చిట్కుల్‌లో పదకొండు రూములు

నర్సింలు తాగడు, పేకాట ఆడడు, ఎవరి జోలికీ పోడు. పటాన్‌చెరులో మందుబిళ్లలు తయారుచేసే కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆపరేటరు. పెళ్లయిన కొత్తలో చంద్రికను చూడటానికొచ్చిన చుట్టాలంతా ఈ మాటే చెప్పి, అదృష్టవంతురాలివన్నారు. ఆమె కూడా చాలా ఏళ్లు అలాగే అనుకుంది.

అతని తల్లి రాజవ్వకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఇరవై గుంటల భూమి ఇస్నాపూర్ పక్కన ఉండేది. ఫ్యాక్టరీలు వచ్చి ధర పెరిగాక కొడుకు అడిగితే ఆమె మారుమాట లేకుండా వేలిముద్ర వేసింది. ఆ డబ్బుతో చిట్కుల్‌లో నూటఎనభై గజాలు కొని ఇల్లు కట్టారు. కింద తమ కోసం రెండు పడక గదులు, హాలు, వంటిల్లు. పైన రెండు అంతస్తుల్లో కిరాయికి పది రూములు. కట్టేటప్పుడు రాజవ్వ ఒక్కటే కోరింది, ఇంటి ముందర కూర్చోవడానికి కాస్త అరుగు వదలమని. చంద్రిక వంటింటికి ఆకుపచ్చ గ్రానైటు కావాలని సంగారెడ్డి దాకా పోయి తనే ఎంచుకుంది. కూతురు నిహారిక అప్పుడు మూడో తరగతి.

మొదటి మూడేళ్లు బాగా గడిచాయి. రూముల్లోకి ఒడిశా నుంచీ, బిహార్ నుంచీ వచ్చిన కార్మికులు దిగారు. ప్రతి నెలా అయిదో తారీకున చంద్రిక మెట్లెక్కి కిరాయిలు వసూలు చేసేది. హిందీ నేర్చుకుంది. వాళ్లు భాభీ అని పిలిచి, కుళాయి కారుతోందనో, బల్బు పోయిందనో చెప్పుకుంటే ఆమెకు లోలోపల గొప్పగా ఉండేది. రాజవ్వ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వీధిలోని ఆడవాళ్లతో ముచ్చట పెట్టేది.

అప్పుడే యాదన్న వచ్చాడు. నర్సింలుకు వరసకు అన్న. ఇదివరకు ఆటో నడిపేవాడు, ఇప్పుడు ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు. ఒక మంగళవారం అందరినీ ఇస్మాయిల్‌ఖాన్‌పేట తీసుకెళ్లి, భవానీ అమ్మవారి దర్శనం చేయించి, అట్నుంచి అటే ఒక వెంచరుకు తిప్పాడు. కందిచేను చదును చేసి సున్నం పూసిన రాళ్లు పాతారు. రెండు వందల గజాలు, గజం నాలుగున్నర వేలు. నర్సింలు చుట్టూ తిరిగి చూశాడు. చంద్రిక తూర్పు మూల రాయి పక్కన నిలబడి, తీసుకుందామని తనే అంది. నాలుగు తులాల గొలుసు, గాజులు కూడా తనే తీసి ఇచ్చింది. ఆ రోజు వద్దనవలసింది తనేనని తర్వాత ఆమె చాలాసార్లు అనుకుంది.

మిగతా సొమ్ముకు ఇంటి మీద బ్యాంకు లోను తెచ్చారు. నెలకు ఇరవై ఒక్క వేల కిస్తీ. కిరాయిలు ఇల్లు కట్టినప్పటి చేబదుళ్లకే సరిపోయేవి, జీతంలోంచి ఇది పోతే ఇల్లు గడవడం కష్టమైంది. అందుకని హాలు, ఒక పడక గది వేరుచేసి ఒక సూపర్‌వైజర్ కుటుంబానికి ఇచ్చారు. తామంతా మిగిలిన గదిలోకీ వంటింట్లోకీ సర్దుకున్నారు.

“ఒక్క యాడాదే,” అన్నాడు నర్సింలు. “కిస్తీలు జెర తేలికయితే మల్ల మన హాలు మనకే.”

ఏడాది తిరిగేసరికి సంగారెడ్డి అవతల ఇంకో ప్లాటు వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు చిట్టీ ఎత్తి, రెండోదాని మీద అప్పు తెచ్చి మూడోది. చంద్రిక కూడా ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో చేరింది. పొద్దున ఆరుకు షిఫ్టు బస్సెక్కితే మూడున్నరకు వచ్చేది. ఆమె జీతం పద్నాలుగు వేలు అకౌంట్లో పడిన రోజే మూడో ప్లాటు కిస్తీకి పోయేది. నర్సింలు దగా చెయ్యలేదు, దాచలేదు. ప్రతి కాగితం ఆమెకు చూపించేవాడు. రెండో ప్లాటు ఆమె పేరునే రాయించాడు. పండుగలకు కొత్త బట్టలు మానేశారు. చెల్లెలి గృహప్రవేశానికి చంద్రిక పట్టుచీర అడిగితే, ఆ పైసలతో ఎన్ని గజాలు వస్తాయో చెప్పి నవ్వాడు. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

నిహారిక ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చినప్పుడు రామలింగేశ్వరరావు అనే ఆయన కింది అంతస్తు అడగడానికి వచ్చాడు. కార్మికులకు మెస్ నడుపుతాడట. మొత్తం కింది భాగానికి నెలకు ముప్పై వేలు, రెండు లక్షలు అడ్వాన్సు అన్నాడు. సూపర్‌వైజర్ కుటుంబాన్ని ఖాళీ చేయించారు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఇటుకలు పేర్చి, పైన రేకులు వేసి ఒక గది కట్టించాడు నర్సింలు. నలుగురూ అందులోకి మారారు. ఆకుపచ్చ గ్రానైటు మీద మెస్సువాళ్లు పెద్ద గ్రైండరు బిగించారు. అరుగు మీద గిన్నెలు తోమే తొట్టి కట్టారు.

రాజవ్వకు మోకాళ్ల నొప్పులు. మూడంతస్తులు ఎక్కడానికి ఆమెకు గంట పట్టింది. ప్రతి మలుపులో కూర్చుంది. పైకి చేరాక మంచినీళ్లు తాగి, “మల్ల దిగుడు నాతోని కాదు బిడ్డా,” అంది కోడలితో. నిందించినట్టు కాదు, సంగతి చెప్పినట్టు. ఆ తర్వాత ఆమె దిగలేదు. కింద ఎవరైనా పోతుంటే పిట్టగోడ దగ్గర నిలబడి పలకరించేది. మెస్ చప్పుడులో వాళ్లకు వినపడేది కాదు.

డాబా మీదికి రూముల్లోని మగవాళ్లు బట్టలారేయడానికి వచ్చేవాళ్లు, ట్యాంకు చూడటానికి వచ్చేవాళ్లు. చెడ్డవాళ్లు కాదు. నిహారిక కనబడితే తలవంచుకుని పోయేవాళ్లు. కానీ పదిహేడేళ్ల పిల్ల. రేకు తలుపున్న స్నానాలగది డాబా మధ్యలో ఉంది. వాళ్లంతా డ్యూటీలకు పోయేదాకా ఆగి అప్పుడు స్నానం చేసి, రోజూ కాలేజీకి ఆలస్యంగా పోయేది. చదువుకోవాలంటే నాయనమ్మ మంచానికీ పొయ్యికీ మధ్య అర చాప జాగా. అంతలో రెండో అంతస్తులో ఒక రూము ఖాళీ అయింది. పరీక్షలు అయ్యేదాకా దాన్ని పిల్లకు ఇద్దామని చంద్రిక అడిగింది. నర్సింలు కాసేపు ఆలోచించి సరేనన్నాడు.

ఆదివారం సెలవు రోజు చంద్రిక ఆ రూము కడిగి, గోడలకు తెల్లసున్నం వేసింది. నిహారిక గూట్లో పుస్తకాలు సర్దుకుంది, గోడకు టైంటేబులు అతికించుకుంది. లోపలినుంచి గడియ పెట్టి తీసి, మళ్లీ పెట్టి చూసుకుంది. రాజవ్వ పైనుంచే, రూము మంచిగుందా అని అడిగింది.

బుధవారం చంద్రిక డ్యూటీ నుంచి వచ్చేసరికి రెండో అంతస్తు మెట్ల మీద అట్టపెట్టెలో పుస్తకాలున్నాయి. రూములో నాలుగు ట్రంకు పెట్టెలు, నలుగురు మనుషులు. వాళ్లలో ఒకడు టైంటేబులు చింపకుండా జాగ్రత్తగా ఊడదీసి, మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు.

పైకి పోయి మొగుణ్ని అడిగింది. అతను అన్నం తింటున్నాడు.

“ఆరున్నర వేలకొచ్చిండ్రు. నెల అడ్వాన్సు చేతిల పెట్టిండ్రు,” అన్నాడు. “ఊకె ఖాళీగ పెడితే ఎట్ల?”

“ఖాళీగ లేదు గద. పిల్ల ఉండె.”

“పిల్ల కిరాయి కడ్తదా?”

అతను పరాచికానికే అన్నాడు. నిహారిక అక్కడే ఉంది. కిందికి పోయి పుస్తకాల పెట్టె మోసుకొచ్చి మంచం కిందికి తోసింది. ఆ రోజు నుంచి తండ్రి అడిగిన దానికి జవాబు చెప్పడం తప్ప తనంతట తను మాట్లాడటం మానేసింది. నర్సింలుకు అది తెలియడానికి నెల పట్టింది. తెలిశాక, పరీక్షల టెన్షన్ అనుకున్నాడు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం రేకుల గదిలో గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. నర్సింలు తల్లి కోసం సెకండ్‌హ్యాండ్ కూలరు కొన్నాడు, రేకుల మీద తడి గోనెలు పరిచాడు. కూలరు వేడిగాలే కొట్టింది. రాజవ్వ తిండి తగ్గించింది. కింద మెస్ ఆయన్ని అడిగి రెండు రోజులు ఏ మూలనో చాప వేసుకోనివ్వమని కొడుకును అడిగింది. అడుగుతానన్నాడు. చంద్రిక రోజూ గుర్తుచేసింది. అతను రోజూ రేపన్నాడు. మెస్ అతను మంచివాడే, అడిగితే కాదనడు. కానీ ముప్పై వేలు ఇచ్చే మనిషిని ఇబ్బంది పెట్టినట్టవుతుందని నర్సింలు వెనకాడాడు. తనే దిగి అడగవచ్చు కదా అని చంద్రికకు ఒకసారి అనిపించింది. అనిపించి, షిఫ్టు బస్సుకు టైమైందని పోయింది.

పదో రోజు మధ్యాహ్నం రాజవ్వ మంచం మీదే స్పృహ తప్పింది. ఇరుకు మెట్ల మీద మంచం తిరగలేదు. ఒడిశా వాళ్లు నలుగురు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాళ్లతో కట్టి కిందికి దింపారు. పటాన్‌చెరులో ఆసుపత్రిలో చేర్చారు. ఒంట్లో నీళ్లు లేవని, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు. మూడో రోజు పొద్దున తొమ్మిదికి ఆమె చనిపోయింది.

అంబులెన్సు ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. డ్రైవరు వెనక తలుపు తెరిచి ఎక్కడ దించాలన్నాడు.

శవాన్ని మూడంతస్తులు ఎక్కించలేరు. కింద మెస్సులో పొయ్యిల మీద పెద్ద గుండిగలు ఉడుకుతున్నాయి. రామలింగేశ్వరరావు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అంబులెన్సు వైపు దండం పెట్టి నర్సింలు దగ్గరికి వచ్చాడు.

“ఒంటిగంటకి రెండొందల మంది భోజనానికొస్తారండి. వంటయిపోయింది,” అన్నాడు మెల్లగా. “అయినా ఇల్లు మీది, తల్లి మీ తల్లి. లోపల పెట్టుకుంటానంటే ఇప్పుడే బల్లలు తీయించేస్తాను. మీరే చెప్పండి.”

నర్సింలు తలుపు వంక చూశాడు. లోపల వరసగా వేసిన బల్లల వంక చూశాడు. చంద్రిక అతని మొహమే చూస్తూ ఉంది. తీయించమంటాడనే అనుకుంది. ఆ క్షణంలో కూడా అనుకుంది.

“వద్దులే సార్. ఇక్కడనే టెంటు ఏపిస్త. మీరు గిరాకి సూస్కోండ్రి,” అన్నాడు.

ఇంటి ముందు మురుగు మోరీ పక్కన టెంటు వేసి, రాజవ్వను బెంచీ మీద పడుకోబెట్టారు. భోజనానికి వచ్చిన కార్మికులు చెప్పులు చప్పుడు కాకుండా పక్క తలుపు నుంచి లోపలికి పోయి, తలొంచుకుని తిని వెళ్లిపోయారు. ఏడుపుల మధ్యలో సాంబారు వాసన, ప్లేట్లు కడిగే చప్పుడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి వచ్చిన ఆడబిడ్డ అనసూయ, అమ్మ భూమి అమ్మి కట్టిన ఇంట్లో అమ్మకింత జాగా దొరకలేదని రాగం తీసి ఏడ్చింది. వచ్చిన ఆడవాళ్లంతా అప్పుడు చంద్రిక వైపు చూశారు. నర్సింలు వైపు ఎవరూ చూడలేదు. కోడలి పట్టు వల్లే ముసలామె డాబా ఎక్కిందని వాళ్లు అనుకుంటున్నట్టు ఆమెకు అర్థమైంది. పూర్తిగా కాదని తనకూ నమ్మకం లేదు.

ఆ సాయంత్రం మెస్ తనంతట తనే మూసేసి, రామలింగేశ్వరరావు వచ్చినవాళ్లందరికీ మజ్జిగ ఇప్పించాడు.

దినాలు అయిన మరుసటి వారం యాదన్న వచ్చాడు. పిన్నమ్మ పోయిందని కాసేపు బాధపడి, అసలు సంగతికి వచ్చాడు. కొత్త రింగురోడ్డు మాటతో ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు ధరలు లేచాయట. మొదటి ప్లాటుకు గజం పద్దెనిమిది వేలకు పార్టీ తయారుగా ఉంది. అంటే ముప్పయ్యారు లక్షలు. చంద్రిక అక్కడే లెక్క వేసింది. ఇంటి మీద లోను తీరిపోతుంది, మెస్ అడ్వాన్సు తిరిగి ఇవ్వవచ్చు, కింది ఇల్లు తమకు వస్తుంది. ఇంకా రెండు ప్లాట్లు మిగులుతాయి.

“అమ్ముదాం,” అంది.

నర్సింలు నవ్వాడు. తల్లి పోయాక మొదటిసారి అతని మొహంలో వెలుగు చూసింది. “ఇప్పుడమ్మితె మనకన్న పిచ్చోళ్లు ఉండరు. రెండేండ్లు ఆగు. గజం ముప్పయి దాటుతది.”

“రెండేండ్లకు నిహారికకు ఎన్నేండ్లొస్తయి?”

“ఇరవై,” అన్నాడు అతను, నిజంగానే లెక్కపెట్టి. “ఇదంత దానికోసమే గద.”

“దానికి పరీక్షలప్పుడు ఒక్క రూము కావాలనుండె. నీ తల్లికి రెండు దినాలు చాప ఏసుకునేటంత జాగ కావాలనుండె. అవి ఇయ్యనోనివి రెండేండ్లకు ఏమిస్తవు?”

అతనికి కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని ఆమెకు తర్వాత అనిపించింది. ఎండలకు ఎంతమంది పోలేదు, ఆయుష్షు తీరితే ఎవరేం చేస్తారు అని గొణిగాడు. యాదన్నను పార్టీకి ఇప్పుడే కాదని చెప్పమన్నాడు. తన పేరున ఉన్న ప్లాటు సంగతి చంద్రికకు గుర్తొచ్చింది. కానీ దాని కాగితాలు బ్యాంకులో ఉన్నాయి, దాని మీద తెచ్చిన అప్పుతోనే మూడోది కొన్నారు.

జూన్‌లో నిహారికకు పటాన్‌చెరు డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది. చంద్రిక తన జీతం పడే అకౌంటు నుంచి కిస్తీ కోత ఆపించింది. అందుకు బ్యాంకుకు రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. కాలేజీకి నడిచిపోయేంత దూరంలో ఒక గది, చిన్న వంటగది చూసింది, నెలకు అయిదున్నర వేలు. కింది భాగంలోనే ఉండే ఇంటావిడ పేరు సుశీల. మంచి ఆమె. అడ్వాన్సు తీసుకుంటూ మాటవరసకు, మీకు సొంతిల్లు లేదా అని అడిగింది.

“లేదమ్మా,” అంది చంద్రిక. అబద్ధం చెప్పినట్టు ఆమెకు అనిపించలేదు.

తల్లీకూతుళ్లు అందులోకి మారుతుంటే నర్సింలు ఆపలేదు. కొన్నాళ్లుంటే కోపం తగ్గుతుందనుకున్నాడు. వారం వారం సెలవు రోజు వచ్చి, భోంచేసి పోయేవాడు. వచ్చిన మొదటిసారి గోడలు తట్టి చూసి, ఈ గదికి అయిదున్నర ఎక్కువ, అయిదు వేలకు బేరమాడవలసిందన్నాడు. అతను వచ్చినప్పుడల్లా నిహారిక పుస్తకం పట్టుకుని ఇంటావిడ దగ్గరికి వెళ్లిపోయేది. అతను పోయాక వచ్చేది.

దసరా ముందు ఒక ఆదివారం అతను పెద్ద సంచీతో వచ్చాడు. సంచీ తలుపు పక్కన పెట్టి చాప మీద కూర్చున్నాడు.

“పైన రేకుల రూము గూడ ఇచ్చిన,” అన్నాడు. “ఒక్కణ్ణే ఉంటున్న గద, దండుగ. ముగ్గురు పోరలొచ్చిండ్రు, ఏడు వేలు. ఇగ నేనీడికెల్లె డ్యూటీకి పోత. దగ్గర గూడ అయితది.”

చంద్రిక కూర తరుగుతోంది. కత్తిపీట పక్కకు జరిపింది. తల్లి చివరి రోజులు పడుకున్న గది. దానికి అతను తాళం వేసి ఉంచుతాడని తనెప్పుడూ అనుకోలేదు.

“ఓనరమ్మ ఇద్దరికనే ఇచ్చింది,” అంది.

అది ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా పెట్టే నియమమే. అతనికి తెలియనిది కాదు. వెంటనే జేబులోంచి అయిదు వందల నోటు తీసి చాప మీద పెట్టాడు. “మూడో మనిషికి ఇంతే గద ఎక్కువ తీస్కునేది. నేను కడ్త.”

అతని మొహంలో నొప్పి ఉందేమోనని ఆమె వెతికింది. లేదు. ఏడు వేలు వచ్చే చోట అయిదు వందలు పోతే నష్టం లేదన్న నిమ్మది ఉంది. ఇరవయ్యేళ్లు కాపురం చేసిన ఇంటిది వేరే ఊళ్లో గది తీసుకుని ఎందుకుంటుందో ఆ మనిషి ఒక్కసారి కూడా అడగలేదు. అడగడం అతనికి తట్టలేదు.

నోటు తీసి అతని చేతిలో పెట్టింది.

“నీకిచ్చేటందుకు నా దగ్గర జాగ లేదు,” అంది. “పో.”

“ఏడికి పోవాలె?”

“నీకు మూడు ప్లాట్లున్నయి. ఇల్లున్నది.”

పరాచికం కాదని తెలిశాక అతను లేచి సంచీ తీసుకున్నాడు. అన్నం తిని పొమ్మని ఆమె అనలేదు. గుమ్మం దాటాక అతను వెనక్కి తిరిగి, నిహారిక ఏదని అడిగాడు. కింద ఇంటావిడ దగ్గర ఉందని చెప్పింది. అతను పిలవలేదు. పిల్ల బయటికి రాలేదు.

తర్వాత అతను ఎక్కడున్నాడో చంద్రికకు రూముల్లోని వాళ్ల ద్వారానే తెలిసింది. రేకుల గదిలోని ముగ్గురితో కలిసి ఉంటున్నాడు. వాళ్లతో పాటే కింద మెస్సులో తింటున్నాడు. రామలింగేశ్వరరావు డబ్బు వద్దంటే ఊరుకున్నాడట. చలికాలం మొదట్లో ఒకసారి ఆమె పోయి చూద్దామనుకుంది. చిట్కుల్ పోయే ఆటో దాకా నడిచి వెనక్కి వచ్చేసింది.

జనవరిలో ఒక పొద్దున షిఫ్టు బస్సు కోసం నిలబడి ఉంటే యాదన్న బండి ఆపాడు. తమ్ముడు బాగానే ఉన్నాడని, కొంచెం చిక్కాడని చెప్పాడు. కంది ఊరి దగ్గర ఇంకో ప్లాటుకు టోకెను డబ్బు కట్టాడని చెప్పాడు.

“ఎన్ని గజాలు?” అని అడిగింది చంద్రిక.

అడిగాక తన మీద తనకే కోపం వచ్చింది. యాదన్న నూటయాభై అని, ధర ఇంతని, రోడ్డుకు ఎంత దూరమో ఉత్సాహంగా చెబుతూ ఉండగానే బస్సు వచ్చింది. ఆమె మాట మధ్యలోనే ఎక్కి, అవతలి వైపు కిటికీ సీట్లో కూర్చుంది.